దాటనివాళ్ళు

ఆ సున్నా వేసేటప్పుడు మేడం చెయ్యి కాస్తయినా తటపటాయించలేదు. కంప్యూటర్ తెర మీద ఆ అమ్మాయి రిపోర్టు పక్కన ఎర్ర గడి వెలిగింది. ఎర్ర గడి వచ్చిందంటే అది ఏఐ రాసిన రాత అని సాఫ్ట్‌వేర్ తేల్చినట్టు. అలా తేలినదానికి సున్నా వెయ్యాలన్నది కాలేజీ పెట్టిన నియమం. సున్నా కొట్టి తరవాతి రిపోర్టు తెరిచింది. నాలుగు వాక్యాలు చదివాక ఎందుకో మళ్ళీ వెనక్కి వెళ్ళింది. సున్నా వేసిన రిపోర్టులో కళ్ళబడి జారిపోయిన వాక్యం ఒకటి చేపముల్లులా ఎక్కడో అడ్డం పడింది.

"పాదచారుల దీపం ఆకుపచ్చగా మారిన తరుణంలో అత్యధికులు దీపాన్ని గాక, రహదారి ఆవలి అంచున నిలిచినవారి పాదాలను గమనిస్తారు. ఆ పాదాలు కదిలిన పిమ్మటే వీరు కదులుతారు."

భాష చూస్తే అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది, ఎక్కడా ముడత లేదు. మూడో సంవత్సరం పిల్లలెవరూ 'పిమ్మట' అని రాయరు. అది యంత్రం మాటే, అనుమానం లేదు. కానీ విషయం? జనం అవతలివాళ్ళ పాదాలు చూస్తారన్న సంగతి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇన్నేళ్ళుగా రోడ్ల గురించి పాఠాలు చెబుతోంది తను. ఏ పుస్తకంలోనూ చదివిన గుర్తు లేదు.

"నిజమేనా?" అంది పైకే.

ఎదురు బల్ల దగ్గర పేపర్లు దిద్దుకుంటున్న లెక్కల లెక్చరర్ తలెత్తాడు. "నన్నా అడుగుతున్నారు?"

"కాదండీ. నాలో నేనే."

మేడం చెప్పేది నగర ప్రణాళిక. రోడ్లు, పార్కులు, బస్సులు ఆగే చోట్లు మనుషులకి పనికొచ్చేలా ఎలా కట్టాలో నేర్పే చదువు. ఈసారి పిల్లలకి ఇచ్చినది పైకి తేలిగ్గా కనబడే పని. ఊళ్ళో ఒక చోటు ఎంచుకోవాలి. అక్కడ నిలబడి, జనం దాన్ని ఎలా వాడుకుంటున్నారో చూసి రాయాలి. "మీ అభిప్రాయాలు నాకొద్దు. కళ్ళతో చూసింది చాలు," అని మరీ మరీ చెప్పింది. పైగా ఈసారి దాని మీద ఒక ఆశ కూడా పెట్టింది. ఆవిడతో కలిసి చదువుకున్నాయన ఒకరు ఊరి రోడ్ల విభాగంలో ఇంజనీరు. పిల్లల రిపోర్టుల్లో మంచిదొకటి పంపిస్తే ఆ చోటుని ఈ ఏడాది మరమ్మతుల్లో చేరుస్తానని మాటిచ్చాడు.

పంపాల్సిన రిపోర్టు ఏదో మేడం అప్పటికే అనుకుంది. అది నిచ్చెనది. ట్యూబులైటు మార్చాలంటే కుర్చీ అక్కర్లేనంత పొడుగు కాబట్టి ఆ కుర్రాణ్ణి అందరూ నిచ్చెన అంటారు. లైబ్రరీ ముందు బెంచీ గురించి రాశాడు. రోజూ సాయంత్రం ఇద్దరు పెద్దాయనలు వచ్చి కూర్చుంటారట. ఒకాయనకి చూపు లేదు. రెండో ఆయన పేపరు చదివి వినిపిస్తాడు. నవ్వొచ్చే వార్త దగ్గర ఆగి, స్నేహితుడు నవ్వాకే పేజీ తిప్పుతాడట. అది చదివి మేడం కళ్ళు తుడుచుకుంది. రాత్రి భోజనాల దగ్గర అత్తగారికి కూడా చదివి వినిపించింది. ఎర్ర గడి దానికి రానే లేదు. అక్కడక్కడ రెండు మూడు అక్షర దోషాలు కూడా ఉన్నాయి, పిల్లవాడి రాతలా ముచ్చటగా.

సున్నా వచ్చిన అమ్మాయి పేరు క్లాసులో నత్త. ఆ పేరు ఎవరూ పెట్టలేదు, తనే పెట్టుకుంది. మొదటి ఏడాది హాజరు పిలుస్తుండగా ఆలస్యంగా వచ్చి గుమ్మంలో నిలబడి, వీపు మీది పెద్ద సంచీ చూపించి, "సారీ మేడం, ఇల్లు మోసుకొచ్చేసరికి టైమయింది," అంది. క్లాసంతా గొల్లుమంది. ఆ తరవాత ఆ అమ్మాయి క్లాసులో నోరు విప్పింది తక్కువ. ఆమె ఎంచుకున్న చోటు పెద్ద పార్కు ఎదురుగా సిగ్నల్ దగ్గర రోడ్డు దాటే చోటు. మేడం ఇంటికి వెళ్ళే దారిలోనే ఉంది అది.

ఆ సాయంత్రం మేడం ఒక స్టాపు ముందే బస్సు దిగింది.

మందుల షాపు గోడకి ఆనుకుని నిలబడి చూసింది. మొదటిసారి ఆకుపచ్చ మనిషి బొమ్మ వెలిగినప్పుడు తను కూడా బొమ్మనే చూసింది, కాబట్టి ఏమీ తెలియలేదు. రెండోసారి మనుషుల మొహాలు చూసింది. చేతిలో హెల్మెట్ పట్టుకున్నతను, పళ్ళ సంచీతో ఒకావిడ, యూనిఫాంలో ఉన్న నర్సు. బొమ్మ వెలిగింది. ఒక్కరి చూపూ పైకి లేవలేదు. అందరి కళ్ళూ రోడ్డుకి అడ్డంగా, నేలకి దగ్గరగా, అవతలి అంచు మీద ఉన్నాయి. అక్కడ ఎవరిదో బూటు ముందుకి పడింది. ఇటువైపు నర్సు కాలు కదిలింది. వెంటనే అందరూ కదిలారు.

మేడానికి నవ్వొచ్చింది. పక్కనున్నతను అనుమానంగా చూశాడు. మళ్ళీ చూసింది. మళ్ళీ అంతే. ఎందుకలా? మలుపు తిరిగే వాహనాలు ఆకుపచ్చ వెలిగినా ఆగకుండా దూసుకొస్తున్నాయి. దీపం మాట నమ్మి లాభం లేదని ఇక్కడి జనానికి ఎప్పుడో తెలిసిపోయింది. అవతలి మనిషి ధైర్యం చేస్తే అదే వీళ్ళకి సిగ్నల్. ఇంకోసారి, ఇంకోసారి అనుకుంటూ చాలాసేపు అక్కడే ఉండిపోయింది. తరవాత ఫోనులో ఆ రిపోర్టు తెరిచి, మిగతాది చదవడం మొదలుపెట్టింది.

రెండో భాగానికి శీర్షిక 'దాటనివారు'.

అంచు దాకా వచ్చి, నిలబడి, దాటకుండా వెనక్కి తిరిగినవాళ్ళ గురించి రాసి ఉంది అందులో. చక్రాల సంచీతో ఒకాయన. పిల్లల బండి తోసుకొచ్చిన తల్లి. తరవాత ఇలా ఉంది: "ఒక వృద్ధ మహిళ ప్రతి సాయంత్రం వస్తారు. చేత మడిచిన నీలిరంగు గొడుగు ఉంటుంది. ఎండ గానీ వాన గానీ లేని దినాలలో సైతం దానిని ఊతకర్రగా వినియోగిస్తారు. దీపం పలుమార్లు ఆకుపచ్చగా మారినా అడుగు వేయరు. చేతి గడియారం చూసుకుని, ఎవరి కొరకో నిరీక్షిస్తున్నట్లు దారి వంక చూసి, పిదప వెనుదిరుగుతారు. ఆమె ఎవరి కొరకూ నిరీక్షించడం లేదని మూడవ దినాన నాకు అర్థమైంది."

మేడం ఆ పేరా మళ్ళీ చదివింది. నీలిరంగు గొడుగు. పిడి దగ్గర టేపు చుట్టి ఉందని కూడా రాసి ఉంది కింద.

ఆ టేపు చుట్టింది మేడమే.

మోకాలి ఆపరేషన్ అయ్యాక రోజూ నడవాలని డాక్టరు అత్తగారికి గట్టిగా చెప్పాడు. చేతికర్ర పట్టుకోమంటే, "నేనేమైనా ముసలిదాన్నా?" అని గొడుగు తీసుకున్నారు. టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో ఎవరి గొంతు ఏ మాత్రం తేడాగా ఉన్నా వెంటనే పట్టేస్తారు. రోజూ సాయంత్రం పార్కుకి వెళ్ళొస్తున్నానని చెబుతారు. రాత్రి కొడుకూ కోడలూ భోజనానికి కూర్చున్నప్పుడు పార్కు కబుర్లు చెబుతారు కూడా.

మేడం ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు వంటింట్లో బఠాణీలు ఒలుస్తున్నారు.

"ఆలస్యమైందేం?"

"బస్సు దొరకలేదత్తయ్యా. మీరు వెళ్ళొచ్చారా?"

"వెళ్ళకేం? ఇవాళ పార్కులో ఒకాయన కుక్కపిల్లని తెచ్చాడే. గోధుమరంగుది. గాలికి ఆకు కదిలితే చాలు, దాని మీదకి ఉరకడమే. పిల్లలంతా దాని వెనకాలే. నేను రెండు రౌండ్లు కొట్టి, కొలను పక్కన కూర్చున్నా."

మేడం బఠాణీకాయ తీసుకుని ఒలిచింది. అత్తగారి గొంతు నిండుగా, హాయిగా ఉంది. కుక్కపిల్ల కళ్ళ ముందు కనబడుతోంది. అంత బాగా చెబుతున్నారు. "మోకాలు ఎలా ఉంది?" అని మాత్రం అడిగింది.

"ఇనుపది పెట్టారుగా, దానికేం," అన్నారు అత్తగారు.

మర్నాడు మేడం ఆఖరి క్లాసు లెక్కల లెక్చరర్‌కి ఇచ్చి, వెలుతురుండగానే సిగ్నల్ దగ్గరికి వెళ్ళింది. మందుల షాపు లోపల, అద్దాల బీరువా వెనక నిలబడింది. షాపతను ఏం కావాలని అడిగితే తలనొప్పి బిళ్ళలు తీసుకుంది, నిజంగానే తలనొప్పి మొదలైంది కూడా.

కాసేపటికి అత్తగారు వచ్చారు. చీరకుచ్చిళ్ళు సవరించుకుని, గొడుగు నేలకి ఆన్చి, సరిగ్గా జీబ్రా గీతలు మొదలయ్యే చోట నిలబడ్డారు. ఆకుపచ్చ వెలిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు దిగారు. అత్తగారి కుడికాలు అంచు మీద ముందుకి జరిగి, ఆగిపోయింది. మలుపులో కారు ఒకటి హారన్ కొట్టకుండా తిరిగింది. ఆవిడ కాలు వెనక్కి తీసుకున్నారు. దిగినవాళ్ళు సగం దాటేసరికే ఆకుపచ్చ మనిషి మిణుకుమిణుకుమన్నాడు, అంతా పరిగెత్తారు. మళ్ళీ వెలిగింది. ఈసారి ఆవిడ పక్కకి తప్పుకుని వెనకవాళ్ళకి దారిచ్చారు, తనకేం తొందర లేనట్టు. మణికట్టు తిప్పి గడియారం చూశారు. తల తిప్పి దారి వంక చూశారు, ఎవరో వస్తానని రాకపోయినట్టు. ఎదురుగా రోడ్డు అవతల పార్కు గేటు తెరిచే ఉంది. అటు ఒక్కసారి కూడా చూడలేదు.

అత్తగారు వెనక్కి తిరిగి వెళ్ళిపోయేదాకా మేడం బీరువా వెనకనుంచి కదల్లేదు. పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకుని దాటించాలని అనిపించింది. కానీ అలా గడియారం చూసుకున్న మనిషి ముందుకి వెళ్ళి ఏమని చెప్పాలి?

నత్తని మర్నాడు లంచ్ టైములో స్టాఫ్ రూముకి పిలిచింది. ఆ అమ్మాయి సంచీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచు మీద కూర్చుంది.

"ఏఐ వాడావా?"

"వాడాను మేడం."

అంత సూటి జవాబు వస్తుందని మేడం అనుకోలేదు. లెక్కల లెక్చరర్ కూడా పెన్ను ఆపి చూశాడు.

"ఎలా వాడావో నాకు చూపిస్తావా? తిట్టడానికి కాదు. తెలుసుకోవాలని ఉంది."

ఆ అమ్మాయి ఫోను తీసి ఒక రికార్డింగ్ పెట్టింది. ముందు హారన్లు. తరవాత ఈ అమ్మాయి గొంతు, క్లాసులో ఎప్పుడూ వినబడనంత హుషారుగా: "ఇదిగో, వీళ్ళెవరూ లైటు చూడట్లేదు. ఏం చూస్తున్నారు మరి? ఆగు, మళ్ళీ చూద్దాం. ఆఁ... అవతలాయన బూట్లు! బూట్లు చూస్తున్నారు."

"అక్కడే నిలబడి మాట్లాడేస్తా మేడం. అలా బోలెడు ఉన్నాయి. వాటిని దానికిచ్చి, రిపోర్టు భాషలోకి మార్చమన్నాను."

"నువ్వే రాయొచ్చుగా?"

"నేను రాస్తే మాట్లాడినట్టే ఉంటుంది మేడం. పోయిన టర్ములో నా పేపరు మీద మీరే రాశారు, 'ఇది రిపోర్టా, ఫోనులో కబుర్లా' అని."

రాసిన సంగతి మేడానికి గుర్తొచ్చింది. ఎర్ర సిరాతో, పైనే.

"అది మార్చి ఇచ్చిందంతా పెట్టేశావా?"

"లేదు మేడం, దానితో పెద్ద గొడవ. మొదటిసారే 'చిన్నారుల కేరింతలతో కళకళలాడే కూడలి' అని పెట్టింది. నేను చూసినప్పుడు పిల్లలెవరూ లేరు. నేను చూడనిది రాయొద్దు, తీసెయ్ అన్నాను. క్షమించమని, పిల్లల్ని తీసేసి పక్షుల్ని పెట్టింది." అమ్మాయి మొదటిసారి నవ్వింది. "లైను లైనుకీ నా రికార్డింగు పక్కన పెట్టుకుని చూశాను. భాష మాత్రం అలా ఉంచేశా. గొప్పగా ఉందనిపించింది."

"మరి దాటనివాళ్ళు? అది నీకే తట్టిందా?"

"తట్టలేదు మేడం." అమ్మాయి సంచీ పట్టీ మెలిపెట్టింది. "అంతా అయ్యాక దాన్ని అడిగాను, నేను చూడాల్సింది ఇంకేమైనా మిగిలిపోయిందా అని. పెద్ద చిట్టా ఇచ్చింది. సగం చెత్త. వాతావరణ కాలుష్యం, పర్యాటకం, ఏవేవో. కానీ ఒకటి మాత్రం, 'దాటకుండా తిరిగి వెళ్ళేవారిని గమనించారా' అని అడిగింది. నేను చూడలేదు. దాటేవాళ్ళు కళ్ళ ముందు నడుస్తారు, దాటనివాళ్ళు కనబడరు కదా. అందుకని మళ్ళీ వెళ్ళి, ఈసారి రోడ్డు వదిలేసి అంచునే చూశాను. గొడుగావిడ అప్పుడే కనబడ్డారు."

"ఆవిడతో మాట్లాడావా?"

"మాట్లాడదామనే దగ్గరికి వెళ్ళాను. గడియారం చూసుకుంటున్నారు. మీరు ఎవరికోసమూ ఎదురుచూడట్లేదని నాకు తెలుసండీ అని ఎలా అడుగుతాం మేడం? వచ్చేశా."

"ఇదంతా రిపోర్టు చివర ఒక్క ముక్క రాసి ఉంటే బాగుండేది కదా, ఇంతవరకు దాని సాయం తీసుకున్నాను అని."

"రాయడానికి చోటెక్కడుంది మేడం? 'ఇది పూర్తిగా నా సొంత రాత' అని ఒకటే గడి ఉంది. అందులో టిక్కు పెట్టకపోతే రిపోర్టు అప్‌లోడ్ అవదు." అమ్మాయి కాస్త ఆగి, "మీరేం అనుకోకపోతే ఒకటి అడగనా?" అంది.

"అడుగు."

"మీరు నా రిపోర్టు చదివి సున్నా వేశారా? సున్నా వేశాక చదివారా?"

గొంతులో నిష్ఠూరం లేదు. రోడ్డు మీద జనం ఎటు చూస్తున్నారో తెలుసుకోవాలనుకున్న గొంతే. లెక్కల లెక్చరర్ తల వంచి గబగబా ఏదో దిద్దడం మొదలుపెట్టాడు.

"వేశాక చదివాను," అంది మేడం.

అమ్మాయి తల ఊపింది. బెల్లు కొట్టారు, సంచీ వీపున వేసుకుని వెళ్ళిపోయింది. అమ్మాయి యంత్రం చెప్పిన ప్రతి మాటనీ రోడ్డు మీదికి తీసుకెళ్ళి సరిచూసుకుంది. యంత్రం చెప్పిన ఒక్క మాట విని, ఏదీ సరిచూడకుండా, తను మీట నొక్కేసింది. ఇద్దరిలో దాన్ని తప్పుగా వాడింది ఎవరు? ఈ ప్రశ్న మేడాన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. అదే ఊపులో ఇంకో ప్రశ్న కూడా వచ్చింది. నిచ్చెన రాసిన బెంచీని మాత్రం తను చూసిందా?

సాయంత్రం లైబ్రరీ దగ్గరికి రమ్మని నిచ్చెనకి మెసేజ్ పెట్టి, తను ముందే వెళ్ళింది. లైబ్రరీ ముందు ఆవరణంతా రెండుసార్లు తిరిగింది. బెంచీ లేదు. ఉన్నవి ఇనుప కుర్చీలు, ఒక్కొక్కటి ఒక్కరికి. ఒకదానికొకటి చెయ్యి చాచినా అందనంత దూరంలో, తలో దిక్కుకీ తిప్పి నేలకి బిగించారు. ఎవరైనా పడుకుంటారనో, గుంపుగా చేరతారనో భయపడి వేసిన కుర్చీలు అవి. ఒకరికొకరు పేపరు చదివి వినిపించుకోవాలంటే కేకలు వెయ్యాలి.

నిచ్చెన గేటులోంచి వంగి లోపలికి వచ్చాడు. మేడం కుర్చీల మధ్య నిలబడి ఉండటం చూసి నడక తగ్గించాడు.

"ఆ పెద్దాయనలు ఎక్కడ కూర్చుంటారు బాబూ?"

వాడు ఒక కుర్చీ చూశాడు, ఇంకో కుర్చీ చూశాడు, రెంటి మధ్య దూరం చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"గేటు దాకా వచ్చాను మేడం. ఎవరూ లేరు. ఏమీ జరగట్లేదు. ఏమీ లేదని రాస్తే మార్కులెవరు వేస్తారు? అందుకని... లైబ్రరీ ముందు ఒక మంచి దృశ్యం ఊహించి రాయమన్నాను."

"తప్పులు కూడా అదే పెట్టిందా?"

"పిల్లలు రాసినట్టు తప్పులు పెట్టమన్నాను మేడం. సాఫ్ట్‌వేర్‌కి దొరక్కుండా. అది రాయడానికి క్షణం పట్టలేదు. దొరక్కుండా చెయ్యడానికే సాయంత్రం దాకా పట్టింది."

"ఆ సాయంత్రమేదో ఇక్కడ కూర్చుంటే సరిపోయేది కదా?"

వాడు తల గోక్కున్నాడు. "ఇప్పుడు ఆలోచిస్తే అలాగే ఉంది మేడం."

మేడం నిన్నటిదాకా అయితే వాణ్ణి ఉతికి ఆరేసేది. తను కళ్ళు తుడుచుకుని చదివిన రిపోర్టు అది. కానీ కోపం కోసం వెతుక్కుంటే గోధుమరంగు కుక్కపిల్ల గుర్తొచ్చింది. ఏమీ లేదని చెప్పుకోవడం ఎంత పెద్ద మనిషికైనా చిన్నతనంగానే ఉంటుంది. అలాంటప్పుడు లేనిదాన్ని ఎంత అందంగా అయినా చెప్పేస్తారు.

"ఆ మార్కులు తీసేస్తున్నాను," అంది. "అది నువ్వు చూసింది కాదు. ఇప్పుడు ఇక్కడ కూర్చో. చీకటి పడేదాకా. ఏమీ జరగకపోతే ఏమీ జరగలేదని రాయి, నేను చదువుతాను. ఫోను నా దగ్గర పెట్టమనను. కానీ చూడటం మాత్రం దానికి అప్పజెప్పకు."

వాడు కుర్చీలో కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఉన్నాయి. మేడం గేటు దగ్గర వెనక్కి తిరిగి చూసింది. నిచ్చెన అప్పటికే మెడ సాగదీసి పక్క కుర్చీ కాళ్ళు ఎలా బిగించారో చూస్తున్నాడు.

డిపార్టుమెంటు హెడ్డుగారి దగ్గర పని అంత సులువుగా కాలేదు. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "అంటే ఎర్ర గడి వచ్చినదానికి మార్కులు వేసి, ఏ గడీ రానిదానికి తీసేస్తానంటారు. రేపు పైవాళ్ళు అడిగితే నేనేం చెప్పాలి?"

"మా మేడం వెళ్ళి చూసొచ్చింది అని చెప్పండి సార్."

"అందరివీ చూస్తారా? క్లాసులో అంతమంది ఉన్నారు."

"చూస్తాను. ఒక్కొక్కళ్ళతో వాళ్ళు రాసిన చోటికే వెళ్తాను. అక్కడ నిలబడి చదివిస్తాను. ఏఐ దగ్గర ఏం తీసుకున్నారో చివర ఒక పేజీ రాయమంటాను. దాచినందుకు మార్కులు పోతాయి గానీ చెప్పినందుకు పోవు. ఆ సొంత రాత గడి తీసేయించండి సార్. అది పిల్లల చేత అబద్ధమాడిస్తోంది."

"ఎండలో పడి వీధులన్నీ తిరుగుతారా?"

"నేను నేర్పేదే వీధులు కదండీ."

హెడ్డుగారు కళ్ళద్దాలు పెట్టుకుని, ఆ రిపోర్టు తనకి కూడా పంపమన్నారు. ఒప్పుకున్నానని అనలేదు. కానీ సాయంత్రానికి దిద్దిన మార్కుల కింద ఆయన సంతకం పడింది, "ఈ ఒక్క అసైన్‌మెంటుకే" అన్న మాటతో సహా.

వారం తిరక్కుండా రోడ్ల ఇంజనీరు, మేడం పంపిన నత్త రిపోర్టు పట్టుకుని సిగ్నల్ దగ్గరికి వచ్చాడు. నత్త, మేడం అక్కడే ఉన్నారు. రిపోర్టు మళ్ళీ రాసింది నత్త, ఈసారి తన మాటల్లోనే. 'పిమ్మట' ఎక్కడా లేదు. ఇంజనీరు ఒకసారి చదివి, చాలాసేపు జనం కళ్ళనే చూశాడు. "నేను ఈ దారిలోనే ఆఫీసుకి వెళ్తాను," అన్నాడు చివరికి, ఎవరితోనూ కాకుండా. సాంకేతిక సిబ్బంది వచ్చి స్తంభం పక్కనున్న పెట్టె తెరిచి సమయాలు మార్చారు. ఆకుపచ్చ మనిషి వెలిగినంతసేపూ మలుపు తిరిగే వాహనాలకి ఎర్ర దీపం ఉండేలా చేశారు. దాటే వ్యవధి కూడా కాస్త పెంచారు. ఎక్కువ కాదు. ఎక్కువ పెంచితే బస్సులు ఆలస్యమవుతాయట. నత్త ఆ మాట కూడా ఫోనులో రికార్డు చేసుకుంది.

నిచ్చెన తెచ్చిన కాగితం ఒక్కటే పేజీ. మేడం క్లాసందర్నీ లైబ్రరీ దగ్గరికి తీసుకొచ్చి, దాన్ని ఆ కుర్చీల మధ్యే చదివించింది. గబగబా మాట్లాడే కుర్రాడు కాగితం పట్టుకుని నత్తి నత్తిగా చదివాడు. ఇద్దరాడవాళ్ళు మాట్లాడుకుంటూ వచ్చారు. ఒక్కరే కూర్చోవడానికి చోటుంది. ఒకావిడ కూర్చుంది, ఇంకొకావిడ నిలబడింది. కాసేపయ్యాక, ఎవరూ ఏమీ అనుకోకుండానే, కూర్చున్నావిడ లేచింది, నిలబడ్డావిడ కూర్చుంది. కబుర్లు ఆగలేదు. "అలా చాలాసార్లు మారారు. వెళ్ళేటప్పుడు ఇద్దరూ కాళ్ళు పట్టేశాయన్నారు," అని ముగించాడు. చివర్న ఏఐ గురించి రాయాల్సిన పేజీలో ఒకటే వాక్యం ఉంది. "దీన్ని ఇంకా అందంగా చెయ్యమంటే అది ఆవిడల్ని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టింది, అందుకని వాడలేదు." క్లాసంతా నవ్వింది, వాడూ నవ్వాడు. తరవాత పిల్లలు వాళ్ళకి వాళ్ళే ఇద్దరిద్దరుగా ఆ కుర్చీల దగ్గర కూర్చుని, నిలబడి చూశారు.

ఇంట్లో మేడం ఏమీ అడగలేదు. ఒకరోజు బట్టలు మడతపెడుతూ, "పార్కు దగ్గర సిగ్నల్లో బళ్ళు ఆగేలా చేశారట అత్తయ్యా. మా క్లాసు పిల్ల రాసిన రిపోర్టు వల్ల," అని మాత్రం అంది.

"అలాగా," అన్నారు అత్తగారు. తువ్వాలు అంచులు కలిపి మడిచి, మళ్ళీ విప్పి మడిచారు. "ఏం రాసిందేం ఆ పిల్ల?"

"దాటడానికి వచ్చి ఆగిపోయేవాళ్ళ గురించి."

అత్తగారు కోడలి మొహంలోకి చూడలేదు. ఆవిడ వింటున్నది గొంతుని. మేడం గొంతు మామూలుగానే ఉంచడానికి చాలా కష్టపడింది. "మంచి పిల్ల," అన్నారు అత్తగారు కాసేపయ్యాక, తువ్వాలు దొంతర మీద పెడుతూ.

ఆ తరవాత కొన్నాళ్ళు రాత్రి భోజనాల దగ్గర పార్కు కబుర్లు వినబడలేదు. కొడుకు అడిగితే, "వెళ్ళొస్తున్నానులేరా," అని ఊరుకున్నారు. మేడానికి బెంగ పట్టుకుంది. చెప్పకుండా ఉండాల్సిందేమో. ఉన్న ఆ కాస్త ముచ్చటా పాడుచేశానేమో అనుకుంది.

ఒక సాయంత్రం మేడం ఇంటికి వచ్చేసరికి అత్తగారు హాల్లో కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నారు. చెమట పట్టి ఉంది. మోకాలి మీద మందు రాసుకుంటున్నారు.

"ఏమైందత్తయ్యా?"

"ఏమీ కాలేదు. పార్కుకి వెళ్ళా." గొంతు విసుగ్గా ఉంది. "ఏం పార్కే అది? దుమ్ము. గడ్డి పీకేసి ఏదో తవ్వుతున్నారు. కూర్చుందామంటే బెంచీలన్నీ తడి. పిల్లలు బంతితో కొట్టినంత పని చేశారు. దీనికోసమా నేను..." అక్కడ ఆగిపోయారు.

మేడం సంచీ కింద పెట్టి, ఆవిడ ఎదురుగా నేల మీదే కూర్చుంది. మందు డబ్బా అందుకుని మోకాలికి తనే రాయడం మొదలుపెట్టింది. "ఎక్కడ తవ్వుతున్నారు? గేటు దగ్గరా?"

"గేటు దగ్గర కాదు, లోపల. గొట్టాలేవో తెచ్చి పడేశారు. నల్లవి, ఇంత లావున. ఒకటే ఉంది బాగున్నది, చివర ఒక మూల నీడలో పాత రాతి అరుగు ఉంది. దాని మీద ఎవరూ కూర్చోవట్లేదు. ఎందుకో తెలియలేదు." అత్తగారు కాలు కొద్దిగా ముందుకి జరిపారు, మందు సరిగ్గా అందేలా. "రేపు తీరిక ఉంటే నువ్వూ రాకూడదూ? ఎందుకు కూర్చోవట్లేదో చూద్దాం."